అనవసరమైనవి మూసివేయబడ్డాయి

మీరే ఆపారు. ఆటల వేగం పెంచే ప్రోగ్రాం తయారుచేసి అందరికీ ఊరికే పంచిపెట్టిన మీరు. మనిషి కంప్యూటర్‌లో ఏది అవసరం, ఏది అనవసరం అని ముందే తీర్పు రాసి దాని కడుపులో పెట్టిన మీరు. ఆ తీర్పు రాసేటప్పుడు కంప్యూటర్ ముందు కూర్చునే ప్రతివాడికీ కళ్ళు ఉంటాయనుకున్న మీరు. పరీక్ష పెట్టిన పెద్దలారా, మీరు కూడా చల్లగా పక్కకు జారుకోకండి. తలుపు మూయించింది మీరు. నోరు మూయించింది మీరు. ఇద్దరూ కలిసి ఒక్క వేసవిలో మా ఇంటికి ఏం చేశారో చెబుతాను. ముచ్చటగా చెప్పడం నాకు రాదు. జరిగింది జరిగినట్టు చెప్పడం వచ్చు.

మా ఇంటి ముందుగది అమ్మ కుట్టుగది. కిటికీ కింద మిషన్, ఎదుటి గోడకు ఆనించి కంప్యూటర్ బల్ల. రెండు కుర్చీలు వేస్తే వీపుకు వీపు తగులుతుంది. బడులు తెరిచేలోపు ఆ గది నిండా యూనిఫాం చొక్కాలే. అమ్మ కుడుతుంది, నేను గుండీలు వేస్తాను. నాకు చూపు లేదు. చిన్నప్పుడే పోయింది, దాని గురించి ఇంతకన్నా చెప్పేదేమీ లేదు. గుండీకి ఎన్ని రంధ్రాలున్నాయో వేలే చెబుతుంది. కంప్యూటర్ తెర మీద ఏముందో చెప్పడానికి మాత్రం వేలు చాలదు, దానికొక గొంతు కావాలి.

అలాంటి గొంతు ఉంది. స్క్రీన్ రీడర్ అంటారు. తెర మీద ఉన్నదంతా చదివి వినిపిస్తుంది. ఏ మీట నొక్కినా పలుకుతుంది. ఆడగొంతు. ఊపిరి పీల్చుకోదు, తడబడదు. దాన్ని నేను ఎంత వేగంగా పెట్టుకుంటానంటే, అలవాటు లేనివాళ్ళకు డబ్బాలో గులకరాళ్ళు పోసి ఊపినట్టు ఉంటుంది. తమ్ముడు దానికి అత్తగారు అని పేరు పెట్టాడు.

"పెళ్ళి కాకుండానే దొరికింది నీకు," అనేవాడు. "పొద్దున లేచింది మొదలు నసే నస."

"నస పెట్టినా నిజం చెబుతుందిరా. నీలాగా కాదు."

అమ్మ మిషన్ ఆపకుండానే, "మా అత్తగారికన్నా వెయ్యి రెట్లు నయం. దీన్ని ఆపడానికి మీటైనా ఉంది," అంది.

ఆ వేసవిలో నీళ్ళ ఆఫీసువాళ్ళు ఒక ఉద్యోగానికి పరీక్ష పెట్టారు. ఫిర్యాదులు తీసుకునే ఉద్యోగం. ఫోన్ ఎత్తాలి, అవతలివాడి గోడు వినాలి, కంప్యూటర్‌లో ఎక్కించాలి. వినడం, టైపు చేయడం. నాకోసమే కుట్టినట్టున్న పని. నాకు అదే ఆఖరి ఏడాది, మరుసటి ఏడాదికి వయసు దాటిపోతుంది. పరీక్ష ఇంట్లోనే కూర్చుని కంప్యూటర్ మీద రాయాలి. స్క్రీన్ రీడర్ వాడుకోవచ్చని ఆఫీసువాళ్ళే రాసి ఇచ్చారు. నేను పగలంతా గుండీలు వేస్తూ ఒక చెవిలో పాఠాలు పెట్టుకుని వినేదాన్ని. సూది చేతిలో, అత్తగారు చెవిలో.

సాయంత్రమైతే కంప్యూటర్ తమ్ముడిది. వాడు పగలు గోదాములో పెట్టెలు మోసి, చెమటతో వచ్చి, స్నానమైనా చేయకుండా కూర్చునేవాడు. తుపాకుల ఆట. వాడూ, వాడి జట్టూ. వేసవి చివర్లో పెద్ద పోటీ ఉంది. అందులో గట్టెక్కితే జీతమిచ్చి ఆడించుకునే జట్టులోకి తీసుకుంటారు. పెట్టెలు మోసే నడుముకు అదొక్కటే ఆశ. ఆ ఆశను నేనెప్పుడూ చిన్నచూపు చూడలేదు. నాకు ఆ ఆటలో పని కూడా ఉండేది. తెర చూడక్కర్లేదు కదా, అడుగుల చప్పుడు వింటే చాలు.

"ఎడమ పక్క. మెట్లు దిగుతున్నాడు. ఆగాడు. తుపాకీలో గుళ్ళు నింపుకుంటున్నాడు, ఇప్పుడే వెళ్ళు!"

తమ్ముడు వెళ్ళేవాడు. అవతల ఎవడో ధడేలున పడేవాడు. ఇయర్‌ఫోన్‌లోంచి జట్టు కుర్రాళ్ళు "రాడార్ అక్కా, నమస్తే!" అని అరిచేవాళ్ళు. గుండీలు వేసే చెయ్యి ఆగిపోయిందని అమ్మ తిట్టేది. మా ఇంట్లో అంత నవ్వు అంతకుముందెప్పుడూ లేదు.

కాని కంప్యూటర్ ముసలిది. సరిగ్గా కాల్చే క్షణంలో బొమ్మ ఆగి ఆగి కదిలేదట. చప్పుడు కూడా తెగి తెగి వచ్చేది. తమ్ముడు బల్ల మీద గుద్దేవాడు. కొత్తది కొనే స్తోమత లేదని ఎవరికి వాళ్ళకు తెలుసు కాబట్టి ఎవరూ ఆ మాట ఎత్తేవాళ్ళు కాదు.

ఒక సెలవు రోజు మధ్యాహ్నం వాడు ఉత్సాహంగా పిలిచాడు. "అక్కా, దొరికింది! బూస్టర్. పైసా అడగడు. ఒక్క నొక్కు నొక్కితే వెనకాల నడిచే చెత్తంతా ఆపేస్తుంది, మెమరీ ఖాళీ చేస్తుంది, ఉన్న బలమంతా ఆటకే పోస్తుంది."

"ఊరికే ఎందుకిస్తున్నాడు?" అంది అమ్మ.

"మంచోడమ్మా."

"మంచోడు మన వీధిలో ఒక్కడూ లేడు, కంప్యూటర్‌లోంచి దిగాడా?"

తమ్ముడు నొక్కాడు. పెట్టెలోని ఫ్యాన్ గట్టిగా ఊపిరి పీల్చి పరుగందుకుంది. అత్తగారు మాట మధ్యలో ఆగిపోయింది.

"అత్తగారేరి?" అన్నాను.

వాడు తెర మీద ఉన్నది చదివి పడీ పడీ నవ్వాడు. "అనవసరమైనవి మూసివేయబడ్డాయి, అని రాసుంది అక్కా. మూసినవాటిలో అత్తగారి పేరు కూడా ఉంది!"

"అనవసరం అన్న పెద్దమనిషి ఎవరు? వాడికి అత్తగారు లేరా?" అంది అమ్మ.

నేనూ నవ్వాను. మూడు మీటలు కలిపి నొక్కితే గొంతు మళ్ళీ లేస్తుంది, ఆ మీటలు నాకు నిద్రలో కూడా తెలుసు. నొక్కాను, లేచింది. ఆట మాత్రం నున్నగా నడిచింది. అడుగుల చప్పుడు కూడా శుభ్రంగా, ఒక్కొక్క అడుగూ విడివిడిగా వినిపించింది. ఆ వారం తమ్ముడి జట్టు వరసగా గెలిచింది. వాడు గోదాము నుంచి ఈల వేసుకుంటూ వచ్చేవాడు. ఆ ప్రోగ్రాం మా ఇంటికి మంచే చేసిందని నేను కూడా అన్నాను. దాచిపెట్టేదేముంది?

పరీక్ష పది గంటలకు. ఆ పొద్దున అమ్మ మిషన్ తొక్కలేదు. కుట్టాల్సిన చొక్కాలు కుప్పపడి ఉన్నాయి, బడివాళ్ళు ఫోన్ల మీద ఫోన్లు చేస్తున్నారు, అయినా తొక్కలేదు. చప్పుడు వినబడితే అవతలివాళ్ళు ఏమనుకుంటారోనని. నిబంధనలు ముందే పంపారు: కెమెరా ఎదురుగా కూర్చోవాలి. తలుపు వేసి ఉండాలి. గదిలోకి ఇంకో మనిషి అడుగు పెడితే రద్దు. నోరు విప్పితే హెచ్చరిక, అయినా మానకపోతే రద్దు. కాపీ కొట్టేవాళ్ళను పట్టుకోవడానికట.

తమ్ముడు గోదాముకు సెలవు పెట్టాడు. అన్నీ వాడే సర్దాడు. వైర్లు బిగించాడు. కుర్చీ ముందుకు జరిపాడు.

"ఆ బూస్టర్?" అన్నాను.

"ఆపేశానక్కా. తెర మీది పెద్ద మీట ఎర్రగా అయిపోయింది. కావాలంటే చూడు."

"చూస్తాలే."

వాడు నాలుక కరుచుకున్నాడు. అమ్మ వాడి వీపు మీద ఒక్కటిచ్చింది. ముగ్గురం నవ్వాం. ఇద్దరూ బయటికి వెళ్ళారు, తలుపు పడింది.

అత్తగారు స్వాగతం పలికింది. నిబంధనలు మళ్ళీ చదివింది. తెర మొత్తం పరీక్షకే కేటాయించబడుతుందని, పరీక్ష ముగిసేదాకా వేరే ఏ ప్రోగ్రామూ తెరుచుకోదని చెప్పింది. మొదలుపెట్టు, అన్న చోట నొక్కాను.

"ప్రశ్న ఒకటి. ఒక వినియోగదారుడు ఫోన్ చేసి..."

ఆగిపోయింది.

ఫ్యాన్ గట్టిగా ఊపిరి పీల్చి పరుగందుకుంది.

ఆ చప్పుడు నాకు తెలుసు. మూడు మీటలూ నొక్కాను. గొంతు లేవలేదు. మళ్ళీ నొక్కాను. ఒకదాని తర్వాత ఒకటి నొక్కాను, కలిపి నొక్కాను, గట్టిగా నొక్కాను. పరీక్ష తలుపులన్నీ బిగించేసింది, వేరే ఏదీ తెరుచుకోదు. నన్ను కాపీ కొట్టనివ్వకుండా బిగించిన తాళం నా గొంతును కూడా బయటే నిలబెట్టింది. ఎదురుగా తెర ఉంది, దాని మీద ప్రశ్నలున్నాయి, అవి నన్ను చూస్తున్నాయి. నాకు ఫ్యాన్ చప్పుడు తప్ప ఏమీ లేదు.

నోరు విప్పకూడదని తెలుసు. కాసేపు విప్పలేదు. తర్వాత విప్పాను.

"సార్, నా స్క్రీన్ రీడర్ ఆగిపోయింది. నాకు ప్రశ్నలు వినబడట్లేదు. ఎవరైనా ఉన్నారా?"

టింగుమని చిన్న చప్పుడు. అంటే అవతల మనిషి ఉన్నాడు. ప్రాణం లేచొచ్చింది.

"మీరు ఏదో పంపారు. నాకు చూపు లేదు సార్, చదవలేను. నా దరఖాస్తులో రాసుంది. దయచేసి మాట్లాడండి."

టింగ్.

"మాట్లాడండి సార్. ఒక్క మాట."

టింగ్.

తలుపు అవతల తమ్ముడి గొంతు వినిపించింది, బిగబట్టి. "అమ్మా, నేను వెళ్తా."

"వద్దురా. కాలు పెడితే రద్దు చేస్తామన్నారు. వద్దు నాన్నా."

"అక్క పిలుస్తోందమ్మా."

"నిన్ను కాదురా."

వాడు గడప దాటలేదు. అమ్మ దాటనివ్వలేదు. మీ నిబంధనను మా ఇంట్లో అందరూ తు.చ. తప్పకుండా పాటించారు. నేను చెయ్యి ఎత్తి పట్టుకున్నాను, బళ్ళో పిల్లలు ఎత్తినట్టు. ఎంతసేపు ఎత్తానో తెలియదు. భుజం లాగితే చెయ్యి మార్చుకున్నాను. కొంతసేపటికి ఫ్యాన్ నెమ్మదించింది. పరీక్ష ఆగిపోయిందని అర్థమై తమ్ముణ్ణి పిలిచాను.

తలుపు తెరుచుకుంది. తమ్ముడు నా వెనక నిలబడ్డాడు. వాడి ఊపిరి నా తల మీద పడుతోంది.

"ఏం రాశార్రా?"

వాడు నా భుజం మీదుగా తెర వైపు వంగాడు.

"చదువు."

"దయచేసి నిశ్శబ్దంగా ఉండండి," చదివాడు. "మీ సమస్యను ఇక్కడ టైపు చేయండి." ఆగాడు. "కింద ఇంకోటి. ఇది మీకు చివరి హెచ్చరిక."

"మూడోది?"

"మాట్లాడినందుకు మీ పరీక్ష రద్దు చేయబడింది."

అమ్మ వెళ్ళి మిషన్ ముందు కూర్చుని తొక్కడం మొదలుపెట్టింది. ఒక చొక్కా పొడవునా తొక్కింది, తిప్పి మళ్ళీ తొక్కింది. దారం ఎక్కించలేదు. దారం లేని సూది చప్పుడు వేరేగా ఉంటుంది. చెబుదామనుకున్నాను. చెప్పలేకపోయాను.

ఆ సాయంత్రమే తమ్ముడు అసలు సంగతి పట్టుకున్నాడు. పెద్ద మీట ఎర్రగా మారితే ఆగినట్టే అనుకుంటాం కదా. ఆగదు. లోపల, మరిన్ని అన్న చోట నొక్కి, కిందికి జరిగి, ఇంకో పేజీలోకి వెళ్తే అక్కడ ఒక టిక్కు ఉంది. తెర నిండా పరుచుకునే ప్రతిదాన్నీ ఆటగా లెక్కించి దానంతటదే వేగం పెంచు, అని. ఆ టిక్కు వాడు పెట్టలేదు. మీరు పెట్టి పంపారు. నా పరీక్ష తెర నిండా పరుచుకుంది. మీ ప్రోగ్రాం నా బతుకును తుపాకుల ఆట అనుకుంది. ఆటకు అడ్డమని నా గొంతు నొక్కింది.

మర్నాడు సాయంత్రం తమ్ముడి ఫోన్ మోగుతూనే ఉంది. జట్టు కుర్రాళ్ళు. వాడు ఎత్తలేదు. కంప్యూటర్ దగ్గర మీటల చప్పుడు లేదు.

"ఆట లేదా?" అన్నాను.

"తీసేశాను."

"బూస్టర్‌నా?"

"అన్నీ. ఆట కూడా."

నాకు ఒళ్ళు మండిపోయింది. "ఎవడు తీయమన్నాడ్రా? నీ ఆట ఆగితే నా పరీక్ష తిరిగొస్తుందా? ఇప్పుడు ఇంట్లో ఇద్దరం పోగొట్టుకున్నవాళ్ళం. అంతే కదా తేలింది?"

"ఆ పేజీలోకి నేను వెళ్ళలేదక్కా. వెళ్ళి ఉంటే..."

"ఆ పేజీని అంత లోపల ఎందుకు పెట్టారో వాళ్ళను అడుగు. నీ నెత్తిన నువ్వే మొట్టుకుంటే వాళ్ళకు పండగ. నాకు నీ త్యాగం వద్దు. సాక్ష్యం కావాలి. ఆ తెరను ఫొటో తీశావా?"

"తీశాను," అన్నాడు. ఏడుస్తున్నాడు. అమ్మ మిషన్ దగ్గర్నుంచి లేచొచ్చి వాడి తల పొట్టకు అదుముకుంది. వాడికి ఇరవై దాటి చాలాకాలమైంది.

ప్రోగ్రాం తయారుచేసినవాళ్ళకు రాశాం. మీ అభిప్రాయం మాకెంతో విలువైనది, మీ సమస్య పరిష్కరించబడినట్టు నమోదు చేశాం, అని వెంటనే జవాబొచ్చింది. మనిషి రాసిన జవాబు కాదది. మనిషికి కొంచెమైనా సిగ్గుంటుంది.

నీళ్ళ ఆఫీసుకు ముగ్గురం వెళ్ళాం. అమ్మ మెడలో కొలత టేపుతోనే వచ్చేసింది, తీయడం మరిచిపోయి. అధికారి గది చల్లగా ఉంది. ఆయన గొంతు మెత్తగా ఉంది. మెత్తటి గొంతులంటే నాకు ఆనాటి నుంచే భయం.

"చూడమ్మా, మా వైపు నుంచి లోపం లేదు. మీ కంప్యూటర్‌లో ఆటల ప్రోగ్రాం ఉంది. పరీక్ష రాసే కంప్యూటర్‌లో ఆటలెందుకు పెట్టుకున్నారు?"

నేను నోరు తెరిచేలోపు అమ్మ అందుకుంది. "మా ఇంట్లో కంప్యూటర్ ఒకటే బాబూ. పిల్లలు ఇద్దరు."

ఆయన కాగితాలు సర్దుకున్నాడు. "నియమం ప్రకారం అభ్యర్థి మాట్లాడకూడదు. హెచ్చరించాం కూడా."

"రాసి హెచ్చరించారు," అన్నాడు తమ్ముడు. "చూపు లేని మనిషికి."

"సందేశాలు రాతపూర్వకంగానే పంపాలని నియమం."

"మీకు నోరు లేదా?" అంది అమ్మ. కోపంగా అనలేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగినట్టు అడిగింది.

ఆయన కుర్చీ కిర్రుమంది. వచ్చే ఏడాది మళ్ళీ దరఖాస్తు పెట్టుకోమన్నాడు. వయసు సంగతి చెప్పాను. అయితే చేయగలిగిందేమీ లేదన్నాడు.

తిరిగి వస్తుంటే బస్సులో అమ్మ చెయ్యి నా చేతి మీదే ఉంది. సూది గుచ్చుకుని గుచ్చుకుని ఆ వేళ్ళ చివర్లు గరుకెక్కాయి.

బడులు తెరిచారు. చొక్కాలు ఆలస్యమయ్యాయని ఒక బడివాళ్ళు మరుసటి ఏడాదికి వేరే దర్జీని మాట్లాడుకున్నారు. తమ్ముడి జట్టు ఇంకొకణ్ణి కలుపుకుని పోటీకి వెళ్ళింది. మొదటి రోజే ఓడి ఇంటికొచ్చింది. వాళ్ళలో ఒకడు నాకు ఫోన్ చేసి, "రాడార్ అక్కా, మెట్ల మీద ఎవడొస్తున్నాడో మాకెవరికీ వినబడలేదు," అన్నాడు. నేను నవ్వబోయాను. నవ్వు రాలేదు.

తమ్ముడు ఇప్పటికీ గోదాములోనే ఉన్నాడు. సాయంత్రాలు కంప్యూటర్ ముందు కూర్చుంటున్నాడు, ఆడడానికి కాదు. మనుషుల్ని వెతుకుతున్నాడు. ఈ ప్రోగ్రాం గొంతు నొక్కినవాళ్ళను. దొరుకుతున్నారు. కంప్యూటర్ గొంతుతో పాఠం చెబుతూ మధ్యలో పిల్లల ముందు మూగబోయిన పంతులుగారు ఒకరు. చేతులు వణుకుతాయి కాబట్టి మాటతో కంప్యూటర్ నడిపించుకునే ముసలాయన ఒకరు, ఆయన మాట వినే ప్రోగ్రాం కూడా మీ దృష్టిలో చెత్తే. వాళ్ళంతా మా ఇంటికి ఫోన్ చేస్తారు. నేను ఎత్తుతాను, వింటాను, ఎక్కిస్తాను. జీతం లేదు కాని ఫిర్యాదులు తీసుకునే పని ఎలా చేయాలో ఎవరూ నాకు నేర్పక్కర్లేదు. అమ్మ విసుక్కోదు. ఫోన్ మోగితే మిషన్ ఆపుతుంది, అంతే. ఆ ఆపడంలోనే తెలుస్తుంది, మా ఇల్లు వెనకటి ఇల్లు కాదని.

కాబట్టి ఇప్పుడు చేయాల్సింది చెబుతున్నాను. బతిమాలడం లేదు.

ప్రోగ్రాం తయారుచేసినవాళ్ళారా, ఆ టిక్కు తీసేయండి. రేపు కాదు, ఈ పూట. మనిషికి చూసిపెట్టే, వినిపెట్టే, మాట్లాడిపెట్టే దేన్నీ ముట్టుకోకండి. ఏదైనా ఆపేముందు అడగండి, అడిగేది కనబడేలానే కాదు, వినబడేలా అడగండి. ఎర్ర మీట పెడితే అది నిజంగా ఆపే మీట కావాలి. ఇప్పటిదాకా ఎందరి గొంతు ఆపారో బయటపెట్టండి.

నీళ్ళ ఆఫీసు పెద్దలారా, నా వయసు దాటిపోయిందని ఇంకోసారి అనకండి. నా పరీక్షే జరగలేదు. మీరు సగం ప్రశ్న వినిపించి, మిగతా సగానికి నన్ను చెయ్యి ఎత్తి కూర్చోబెట్టారు. నాకూ, అలా కూర్చున్న ప్రతి ఒక్కరికీ ఆ పరీక్ష మళ్ళీ పెట్టాలి, ఆనాటి వయసు లెక్కతోనే పెట్టాలి. ఈసారి అవతల కూర్చునే మనిషి నోరున్న మనిషి కావాలి. రాసి పంపకండి. నా నంబరు మీ దగ్గర ఉంది. ఫోన్ చేయండి. ప్రశ్న చివరిదాకా గట్టిగా చదవండి.

జవాబు నేను చెబుతాను.